ప్రధానోపాధ్యాయుడు: ఉద్యోగం, తీరిక, ఛార్జి అప్పగింత

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పాఠం తప్ప తక్కిన అన్నిటికీ జవాబుదారీగా ఉండే ఉద్యోగి ప్రధానోపాధ్యాయుడు. వాడుకలో హెచ్చెం గారు. దిగువ కృష్ణా డెల్టాలో గుడివాడ, పామర్రు, ముదినేపల్లి, అవనిగడ్డ చుట్టుపక్కల విరివిగా కనిపిస్తారు. గుర్తుపట్టడం తేలిక. చేతిలో ఫోను ఉంటుంది, అది ఎప్పుడూ దేనికో ఒకదానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని ఉంటుంది. ఎదురుగా ఉన్నది పిల్లవాడు కావచ్చు, సాంబారు గిన్నె కావచ్చు. 2024 దాకా మరుగుదొడ్డి కూడా అయ్యేది. దేనికైనా ఫోటో ఒకటే శ్రద్ధతో తీస్తారు. వాటిలో ఏ ఒక్కటి అప్‌లోడ్ కాకపోయినా మండల గ్రూపులో పేరు ఎర్రరంగులో వస్తుంది.

ఈ ప్రాంతంలో ఈ పదవికి చరిత్ర ఉంది. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1841లో వచ్చి, 1843లో బందరులో ఇంగ్లీషు బడి పెట్టి, 1865లో కన్నుమూసేదాకా దాన్నే అంటిపెట్టుకుని ఉన్నారు. నేటి నోబుల్ కళాశాల ఆ బడి సంతతే. ఆయన పోవడానికి ముందు ఏడాది, 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన బందరులోనూ పరిసరాల్లోనూ సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరవాత బడిలో ఎన్ని బల్లలు తడిశాయో సాయంత్రం 4 గంటల లోపు ఎక్సెల్ షీటులో నింపి పంపమని ఆయన్ను అడిగినవాళ్లు లేరు. ఆ సదుపాయం అప్పటికి రాలేదు.

1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. దానికి 1934 నుంచి 1939 దాకా ప్రిన్సిపాలుగా ఉన్నవారు అడివి బాపిరాజు. ఉద్యోగమూ, ఉద్యోగం బయటి బతుకూ ఒకే మనిషిలో ఎంతదాకా ఇముడుతాయో తెలుసుకోవాలంటే ఈయనే కొలమానం. బాపిరాజు రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలలో చదివినప్పుడు ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ ఇంగ్లీషాయన స్వయంగా బొమ్మలు వేసి, బొమ్మలు వేసే పిల్లల్ని ఏరి పక్కన కూర్చోబెట్టుకునేవారు. దామెర్ల రామారావు అలా తేలినవారే, బాపిరాజూ అంతే. తరవాత బాపిరాజు లా చదివారు, కొంతకాలం వకీలుగా ఉన్నారు, బందరు కళాశాలలోనే ప్రమోద కుమార చటర్జీ దగ్గర చిత్రకళ నేర్చారు. 1934లో ఆయన ‘నారాయణరావు’ నవల, విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని చెరిసగం పంచుకున్నాయి. ఆ విశ్వనాథ కూడా తరవాత కరీంనగర్ కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. ప్రిన్సిపాలుగా ఉంటూనే బాపిరాజు 1936లో ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ చిత్రాలకు కళాదర్శకత్వం చేశారు.

చివరి వాక్యాన్ని నేటి ప్రధానోపాధ్యాయుడు రెండుసార్లు చదువుతారు. బాపిరాజు నడిపింది జాతీయ కళాశాల, తాను నడిపేది సర్కారు బడి అని ఆయనకు తెలుసు. అయినా ఆయన మనసుకు ముందు తట్టేది కళ కాదు, సెలవు. అది సి.ఎల్.గా పెట్టారా, ఓ.డి.గా పెట్టారా, ముందస్తు అనుమతి ఎవరిచ్చారు, ఆ రోజు ముఖ హాజరు ఎవరు వేశారు?

ముఖ హాజరు 2022 ఆగస్టులో వచ్చింది. ఉదయం 9 గంటల లోపు బడి ఆవరణలో నిలబడి ఫోనుకు ముఖం చూపాలి. ఫోను ఒప్పుకుంటే ఉద్యోగి హాజరైనట్టు. నాగాయలంక మండలం ఎదురుమొండి లాంటి చోట్ల పడవ దాటి వెళ్లాల్సిన ఉపాధ్యాయుడు ఆటుపోట్ల మీదా, సిగ్నలు మీదా, పడవవాడి కాఫీ మీదా ఏకకాలంలో ఆధారపడి ఉంటాడు. వీళ్లందరి ఆలస్యాలకూ ప్రధానోపాధ్యాయుడే పూచీ. ఆయన ముఖం మాత్రం ఫోను తేలిగ్గా గుర్తిస్తుంది. ఏళ్ల తరబడి అది ఒకే భావంలో ఉంటోంది.

ఈ పదవికి దారి మామూలుగా ఇలా ఉంటుంది. డి.ఎస్సీ. రాసి ఎస్.జి.టి.గానో స్కూల్ అసిస్టెంటుగానో చేరడం, సీనియారిటీ జాబితా కోసం కాచుకోవడం, జాబితా వచ్చాక అభ్యంతరాలు, అభ్యంతరాల మీద కోర్టు కేసులు, ఆ కేసులు తేలేసరికి జుట్టు ఊడడం, ఆ తరవాత ప్రమోషను. గ్రేడ్-2 హెచ్చెం అయ్యాక బదిలీల చట్టం ప్రకారం ఒకే బడిలో 5 విద్యా సంవత్సరాలకు మించి ఉండకూడదు. ఉపాధ్యాయులకైతే ఆ గడువు 8. ఈ తేడా శిక్షో దయో చట్టంలో రాయలేదు.

ఇక విధులు. అందులో అతి ముఖ్యమైనది గుడ్డు.

మధ్యాహ్న భోజనంలో పిల్లలకు వారానికి 5 గుడ్లు. గుడ్లు ట్రేలలో వస్తాయి, ట్రేకు 30. వచ్చినవాటిని లెక్కపెట్టాలి, పగిలినవి తీసెయ్యాలి, పెంకు మీద రంగు ముద్ర చూడాలి. పాత సరుకు కొత్తదానిలో కలిసిపోకుండా విడతను బట్టి రంగు మార్చి ముద్ర వేసే పద్ధతి పెట్టారు. పద్ధతి మంచిదే. బి.ఎస్సీ., బి.ఎడ్. చదివిన యాభై దాటిన మనిషి వరండాలో గొంతుక్కూర్చుని, గుడ్డును వెలుతురుకు ఎత్తి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి రంగు తేల్చుకునే దృశ్యం మాత్రం పద్ధతిలో రాయలేదు.

అనుమానం వస్తే నీళ్ల పరీక్ష. గుడ్డును నీళ్లలో వేస్తే మంచిది మునుగుతుంది, చెడింది తేలుతుంది. పెంకుకున్న సన్నటి రంధ్రాల గుండా తేమ బయటికి పోయి, లోపల గాలి గది పెరిగి, సాంద్రత తగ్గిపోవడం ఇందుకు కారణం. భౌతికశాస్త్రం చెప్పే రోజుల్లో ఆయన ఆర్కిమెడీస్ సూత్రాన్ని బీకరులో చూపించేవారు, పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవారు. ఇప్పుడు అదే సూత్రాన్ని వంటగది బకెట్టులో చూపిస్తారు. చూసేది వంట చేసే అక్క ఒక్కతే. “తేలింది సార్” అంటుంది ఆమె. ఆర్కిమెడీస్ కూడా అంతకన్నా క్లుప్తంగా చెప్పలేదు.

తాజాదనంతో ఇంకో తిరకాసు ఉంది. బాగా తాజా గుడ్డును ఉడికిస్తే పెంకు సరిగ్గా ఊడదు. తెల్లసొన లోపలి పొరను పట్టుకుని ఉంటుంది, వలిస్తే సగం సొన పెంకుతోనే వెళ్లిపోతుంది. కొన్నాళ్లు నిలవున్న గుడ్డు మాత్రం నున్నగా, చక్కగా ఊడి వస్తుంది. కాబట్టి సరఫరా నిజాయితీగా ఉన్న రోజున పిల్లలు “గుడ్డు బాలేదు సార్” అంటారు. నున్నటి గుడ్డు వచ్చిన రోజున పిల్లలు సంతోషిస్తారు, ప్రధానోపాధ్యాయుడికి గుబులు పుడుతుంది.

ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని వలయం పడుతుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి చేసే పని అది, ఒంటికి హాని లేదు. తనిఖీకి వచ్చినవారు ఆ వలయాన్ని చూసి “ఇదేంటి?” అంటారు. హెచ్చెం గారు రసాయనశాస్త్రం చెబుతారు. సమాధానం శాస్త్రీయంగా ఉన్నందున దాన్నే రాతపూర్వకంగా ఇమ్మంటారు. మండుటెండల్లో కోడి మేత తగ్గిస్తుంది, గుడ్డు చిన్నదవుతుంది, తూకం తగ్గుతుంది. దానికీ సంజాయిషీ కావాలి. కోడి రాయదు కాబట్టి హెచ్చెం గారు రాస్తారు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు గుడ్డు ముట్టరు. హాజరు లెక్క ఒకటి, తిన్నవాళ్ల లెక్క ఒకటి అవుతుంది. మధ్యలో తేలిన గుడ్లు ఎటుపోయాయన్నది శరణుఘోషకు తీరే ప్రశ్న కాదు. గుడ్ల సమన్వయ కమిటీ రోజూ ప్రకటించే ధర పేపర్లో వస్తే ఆయన సంపాదకీయం కన్నా ముందు దాన్నే చూస్తారు. కొనేది ఆయన కాకపోయినా అలవాటు పోదు.

గుడ్డు తరవాత విధులు చాలా ఉన్నాయి గానీ వాటిలో కొత్తదనం లేదు. చిక్కీల లెక్క, యూనిఫారం కొలతలు, బూట్ల సైజులు, యు-డైస్, ఓటర్ల జాబితా. అర్జెంటు, మోస్ట్ అర్జెంటు, ‘ఈ రోజే’ అని మెసేజీల్లో మూడు జాతులున్నాయి. మొదటిదాన్ని అనుభవజ్ఞులు పట్టించుకోరు. బాపిరాజు నవలలు రాస్తే నేటి ప్రధానోపాధ్యాయుడు సంజాయిషీలు రాస్తారు. రెండింటికీ కావలసింది కల్పన, శైలి, అదుపు తప్పని ముగింపు. తేడా ఏమిటంటే, సంజాయిషీకి చదివేవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఉద్యోగం బయటి జీవితం. హెచ్చెం గారు ఎక్కువగా గుడివాడలో కాపురం ఉంటారు. ఇది రైలు జంక్షను. ఒక లైను బందరుకు, ఒకటి భీమవరానికి, ఒకటి బెజవాడకు. ఏ పల్లెకు బదిలీ అయినా కాపురం కదపకుండా తిరగవచ్చు. ఒకప్పుడు ప్రైవేటు రెసిడెన్షియల్ బళ్లకు పేరుపడ్డ ఊరు కూడా కావడంతో ఆయన పిల్లలు అక్కడే చదివి ఉంటారు. సర్కారు బడి గొప్పతనం మీద ప్రవేశాల డ్రైవులో ఇంటింటికీ తిరిగి మాట్లాడేటప్పుడు ఈ విషయం ఎవరైనా అడుగుతారేమోనని ఆయన గుమ్మం బయటే నిలబడతారు.

తాతలనాటి రెండెకరాలు కౌలుకిచ్చి ఉంటారు. చుట్టూ చేపల చెరువులు తవ్వేసరికి ఊటనీరు చేరి ఆ రెండెకరాలు కూడా చెరువే అవుతాయి. కౌలు పెరుగుతుంది, బియ్యం కొనుక్కోవలసి వస్తుంది. ఆదివారం పొద్దున చెరువు గట్టుకు వెళ్తారు. సాయంత్రం టెలికాన్ఫరెన్సు ఉంటుంది. పెళ్లిళ్లకు వెళ్తే పెళ్లికొడుకుతో ఫోటో దిగే లోపు ఫోను మోగుతుంది. బంధువుల్లో ఆయన గురించి స్థిరపడిన అభిప్రాయం “బావగారు ఎక్కడికొచ్చినా ఇక్కడుండరు” అని. భార్య అభిప్రాయం ఇంత మర్యాదగా ఉండదు.

ఇవన్నీ నవ్వి ఊరుకోదగ్గవే. ఒకటి మాత్రం ఊరుకోనివ్వదు. ఈ మనిషి ఇరవై ఏళ్లు సైన్సు బాగా చెప్పారు. బాగా చెప్పారన్న పేరుతోనే పై మెట్టుకు చేరారు, చేరాక చెప్పే తీరిక లేకపోయింది. టైంటేబుల్లో ఆయన పేరు మీద పీరియడ్లు ఉంటాయి, అవి ఎవరో ఒకరు తీసుకుంటారు. ఇదివరకు పిల్లవాడు నాలుగు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లి అడిగేవారు. ఇప్పుడు యాప్‌లో కారణం ఎంచాలి. పిల్లవాడు తండ్రితో రొయ్యల చెరువు గట్టు మీద పాకలో కాపలా ఉంటున్నాడని అందరికీ తెలుసు. హెచ్చెం గారికీ తెలుసు, వెళ్తే పదిహేను నిమిషాల దారి. జాబితాలో ఆ కారణం లేదు. ‘ఇతరములు’ అని నొక్కుతారు. టిక్కు పడుతుంది.

పదవీ విరమణ వయసు ఈ ప్రాంతానికి ప్రత్యేక ఆసక్తి గల విషయం. 1983లో గుడివాడ ఓటర్లు నిమ్మకూరు వాస్తవ్యుడు ఎన్.టి. రామారావును గెలిపించారు. ఆయన ముఖ్యమంత్రి కాగానే ఉద్యోగుల విరమణ వయసు 58 నుంచి 55కు దిగింది. ఓటు వేసి ఇంటికొచ్చిన హెచ్చెం గార్లు కొందరు ఇంట్లోనే ఉండిపోవలసి వచ్చింది. తరవాత అది మళ్లీ 58కి చేరింది, 2014లో 60 అయింది, 2022లో 62 అయింది. రేపో మాపో దిగిపోతామని చెరువు, మనవలు, కాశీయాత్ర అన్నీ సిద్ధం చేసుకున్నవాళ్లు ఇంకో రెండేళ్లు గుడ్లు లెక్కపెట్టారు.

విరమణ రోజున సన్మానం ఉంటుంది. పాత విద్యార్థులు వస్తారు. వచ్చినవాళ్లు ఆయన ప్రధానోపాధ్యాయుడిగా చేసిన పనులేవీ ఎత్తరు, తొమ్మిదో తరగతిలో చెప్పిన కాంతి పాఠం గురించి మాట్లాడతారు. వక్తలు ఆయన సేవలు చిరస్మరణీయమని చెబుతుండగానే మండల గ్రూపు అడ్మిన్ ఆయన్ను గ్రూపు నుంచి తొలగిస్తారు. కొత్త నంబరు చేర్చడానికి చోటు కావాలి. పింఛను కాగితాలకు సర్వీసు రిజిస్టరు ఆసాంతం తిరగేస్తే ఎక్కడో 1990ల నాటి ఇంక్రిమెంటు ఒకటి తేదీ తేడాతో కనిపిస్తుంది. దాన్ని సరిచేయించడానికి ఆయన బందరు కార్యాలయానికి తిరుగుతారు. ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు, బయట నిలబడి ఎదురుచూసే తల్లిదండ్రులను తాను ఎంతసేపు నిలబెట్టారో కొంత లెక్క తెలుస్తుంది.

చివరిది ఛార్జి అప్పగింత. బీరువా తాళాలు, ప్రయోగశాల సామాను జాబితా, టి.సి. పుస్తకాలు, విరిగిన బల్లలు, పనిచేసే టీవీలు, పనిచేయని టీవీలు, గుడ్ల ట్రేలు, అన్నిటికీ వరస సంఖ్యలు వేసి రెండు వైపులా సంతకాలు చేయాలి. పూర్తి అదనపు బాధ్యత కింద ఛార్జి పుచ్చుకునేది సీనియర్ స్కూల్ అసిస్టెంటు. ఆయనకు ఆ మధ్యాహ్నం పదో తరగతిలో రెండు పీరియడ్లు ఉంటాయి. అవి ఎవరు తీసుకోవాలన్నది ఆయన మొదటి ఉత్తర్వు.