గోడ బయటి పైపులు

మా రోజుల్లో పైపులు గోడ బయట ఉండేవి. జీఐ పైపు క్లాంపులతో గోడకు బిగించి, వెండి రంగు పూసేవారు. అందంగా ఉండేవని నేననను. కానీ ఎక్కడ కారినా వీధిన పోయేవాడు సైతం “ఏమండీ, మీ పైపు కారుతోంది” అని కేకేసి మరీ పోయేవాడు. పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి బిగించి చుడితే ప్లంబరు వచ్చేదాకా ఆగేది. అతనొచ్చి మర దగ్గర జనపనార చుట్టి, సఫేదా పూసి, రెంచితో తిప్పి, టీ తాగి వెళ్లేవాడు.

ఇప్పుడు పైపు కనబడితే నామోషీ. గోడకు గాడి కొట్టి సీపీవీసీ పైపు అందులో దూర్చి, పైన ప్లాస్టరు, ఆ పైన టైల్స్. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో ఇంటివాడికే తెలీదు.

ఉప్పల్లో మా అబ్బాయి ఇంట్లో హాలు గోడకు, నేలకు జానెడు ఎత్తున పెయింటు అప్పడంలా ఉబ్బింది. గోటితో గీకితే తెల్లటి ఉప్పుపొడి రాలింది. చెమ్మ ఆపే రంగు వేస్తే సరి అన్నాడు పెయింటరు. వేశాడు, డబ్బులు పుచ్చుకున్నాడు. ఉబ్బు పక్కకు జరిగింది. నీళ్లకు రంగు అడ్డమా! పైగా చెమ్మ తేలినచోటే పైపు పగిలి ఉండాలని రూలేం లేదు. పైఅంతస్తు బాత్రూంలో కారిన నీళ్లు స్లాబు మీద పారి, కరెంటు తీగల గొట్టంలో దూరి, ఎక్కడో హాల్లో దిగొచ్చు.

మావాడు నీళ్ల మీటరు దగ్గరకెళ్లి చూసొచ్చాడు. “కుళాయిలన్నీ కట్టేశాను, మీటరు కదలడం లేదు. లీకు లేదు నాన్నా” అన్నాడు. 2021లో హైదరాబాదులో నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం అన్నప్పటి నుంచి జనానికి మీటరంటే భక్తి పెరిగింది. కానీ మన ఇళ్లలో మీటరు సంపుకు ముందే ఉంటుంది. సంపు నిండి బాల్ వాల్వు మూసుకుందంటే దాని పని అయిపోయినట్టే. డాబా మీది ట్యాంకు నుంచి గోడలోకి ఎంత కారినా దానికి పట్టదు.

చూడాల్సింది ట్యాంకుని. రాత్రి అందరూ పడుకోబోయే ముందు మోటారు ఆపి, నీటిమట్టం దగ్గర లోపలి గోడకు గీత గీయాలి. తెల్లారి ఎవరూ కుళాయి తిప్పకముందే చూడాలి. నాలుగడుగుల చదరం ట్యాంకులో అంగుళం దిగిందంటే దాదాపు 38 లీటర్లు పోయినట్టు. దిగితే మర్నాడు రాత్రి ట్యాంకు కింద వాల్వులన్నీ కట్టేయాలి. అప్పటికీ దిగిందా, ట్యాంకే బీటలిచ్చింది. లేదంటే రోజుకో లైను తెరిచి పెట్టాలి. ఏ రాత్రి దిగితే ఆ లైనే. పైసా ఖర్చు లేదు, పడుకునే పనే. దీనికి ముందు ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కలు నీలిమందు వేసి, నొక్కకుండా అరగంట ఆగాలి. కమోడులోకి నీలం దిగితే గోడ జోలికి పోనక్కర్లేదు, రబ్బరు వాషరు మారిస్తే చాలు.

ఇంకో గుర్తు. సంక్రాంతికి ఇల్లు తాళం పెట్టి ఊరెళ్లినప్పుడు ట్యాంకు నిండుగా ఉండీ చెమ్మ ఆరుముఖం పడితే, కారుతున్నది వాడిన నీళ్లు పోయే దారి. నహానీ ట్రాప్ చుట్టూనో టైల్స్ సందుల్లోనో వెతకాలి. ఆరకపోతే ట్యాంకు నుంచి వచ్చే లైను.

ఇదంతా చెబితే వింటారా? మెషీన్లతో కుర్రాళ్లు దిగారు. ఒకడి చెవులకు హెడ్‌ఫోను, ఒకడి చేతిలో కెమెరా. పిల్లల్ని తప్పు పట్టను, పని తెలిసినవాళ్లే. కానీ ఆ హెడ్‌ఫోను మాకు కొత్తేం కాదు. పైపు మీద ఇనుప కడ్డీ ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి వినేవాళ్లు పాత ఫిట్టర్లు. కెమెరాకూ నీళ్లు కనబడవు, వేడి తేడానే కనబడుతుంది. గీజరు లైనయితే దొరకొచ్చు, చన్నీళ్ల లైను దగ్గర అది తడబడుతుంది.

“లైను ఎటు పోతుంది సార్?” అన్నాడు కుర్రాడు. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. గృహప్రవేశం ఫొటోలు ఫోను నిండా ఉన్నాయి, పాయసం గిన్నెకు కూడా ఫొటో ఉంది. ప్లాస్టరు కాకముందు గోడది ఒక్కటి లేదు.

మా కాలమేదో స్వర్ణయుగమని కాదు. జీఐ పైపు లోపల తుప్పు పట్టి, కుళాయి తిప్పగానే ఎర్రనీళ్లొచ్చేవి. పైగా మాకు నీళ్లొచ్చేదే ఏ గంటో, రెండు గంటలో. లీకుకు కూడా ఆ కాసేపే అవకాశం. ఇప్పుడు డాబా మీద ట్యాంకు రాత్రింబవళ్లు పైపును ఒత్తుతూనే ఉంటుంది. అది చాలదన్నట్టు షవరు జోరుగా రావాలని ప్రెషర్ పంపొకటి. మావాళ్ల పంపు అర్ధరాత్రి ఎవరూ నీళ్లు వాడకుండానే గుర్రుమని ఆగుతుండేదట. “ఎలుకేమో అనుకున్నాం మావయ్యగారూ” అంది కోడలు.

చివరికి ఒక్కో లైనుకు చేతిపంపుతో ఒత్తిడి పెట్టి ముల్లు చూశారు. షవరు వేడినీళ్ల లైనుకు ముల్లు దిగింది. టైల్సు పగలగొడితే ఎల్బో బయటపడింది. అతికించే సొల్యూషన్ ఒక పక్క అంటనేలేదు. మేస్త్రీకి ఆ రోజు ఏం తొందరో!

పైపు బాగైంది. ఆ టైల్సే దొరకలేదు, ఆ డిజైను ఆగిపోయిందన్నాడు షాపువాడు. దగ్గరి రంగుదేదో వేశారు, అతుకు అతుకే. ఇల్లు కట్టేటప్పుడే మిగిలిన టైల్స్ పెట్టె ఒకటి అటక మీద పడేయమన్నాను. “ఫాల్స్ సీలింగ్ వేయించాం కదా, అటకెక్కడిది నాన్నా” అన్నాడు మావాడు.