స్పాంజి కడిగిన పుణ్యం

పాత సామాను ఏది కొన్నా ముందు దాన్ని తోమి కడిగితే గాని మన మనసు కుదుటపడదు. కుర్చీకీ కూలర్‌కీ ఆ మర్యాద దక్కాల్సిందే. అక్వేరియం విషయంలో మాత్రం ఆ శుభ్రతే కొంప ముంచుతుంది.

‘ఊరు మారుతున్నాం, అర్జెంటు, ఫిల్టరూ స్టాండూ ఫ్రీ’ అన్న ప్రకటన చూస్తారు. బేరమాడి, రెండడుగుల గాజు తొట్టిని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇల్లు చేరుస్తారు. వెంటనే బాబాయిలూ బావమరుదులూ లుంగీలు ఎగ్గట్టి రంగంలోకి దిగుతారు. రంగురాళ్లు సర్ఫులో నానతాయి. అద్దాలకు గిన్నెలు తోమే సబ్బు. ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద పెట్టి, నల్లనీళ్లు పోయి తెల్లనీళ్లు వచ్చేదాకా పిండి పిండి, డాబా మీద ఎండలో ఆరేస్తారు. “చూశావా ఎంత మురికో! ఎలా పెంచారో ఏమో మహానుభావులు!” అని అమ్మినవాళ్లకు నాలుగు అక్షింతలు కూడా వేస్తారు.

తాము డబ్బులిచ్చి కొన్నది ఆ మురికినేనని పాపం వాళ్లకెవరూ చెప్పలేదు.

చేపలు విసర్జించేదీ, తినగా మిగిలి కుళ్లిన మేతా నీళ్లలో అమ్మోనియాగా తేలతాయి. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషాలే. మూడోది మితంగా ఉంటే పెద్దగా హాని చెయ్యదు. ఈ పనివాళ్లు నీళ్లలో కన్నా ఎక్కువగా స్పాంజికీ రాళ్లకూ అంటుకుని బతుకుతారు. కొత్త తొట్టిలో వీళ్లు స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. నిన్నటిదాకా నడిచిన తొట్టిలోనైతే సిద్ధంగా ఉంటారు. సెకండ్ హ్యాండ్ కొనడంలో ఉన్న గొప్ప లాభం అదే. కుళాయిలోని క్లోరిన్, సర్ఫు, మిట్టమధ్యాహ్నపు ఎండ కలిసి ఆ లాభాన్ని మోరీ పాలు చేశాయి. మర్నాడు అదే మనిషి షాపుకెళ్లి, ‘మేలు చేసే బ్యాక్టీరియా’ అని రాసున్న సీసాను కళ్లకద్దుకుని కొనుక్కొస్తాడు.

రెండు మూడు రోజులకు నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా మారతాయి. కుదురుకోని తొట్టిలో మరో జాతి బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగితే వచ్చే మబ్బు అది. మేత తగ్గించి, ఫిల్టర్ ఆపకుండా ఓపిక పడితే చాలావరకు దానంతటదే విడుతుంది. కానీ ఓపిక పట్టడం చేతగానితనం కదా! ఆదివారం వచ్చేసరికి చేపలు బకెట్లోకి, నీళ్లన్నీ బాత్రూంలోకి, మళ్లీ తోముడు. మళ్లీ మబ్బు. పై వాటాలో ఉండే పెద్దాయన వచ్చి “పటిక ముక్క తిప్పవోయ్” అంటాడు. పటికకు మురికి అడుక్కి దిగుతుంది, నిజమే. దాంతోపాటు నీటిలో ఆమ్లగుణం పెరుగుతుంది. ఇంకొకరు నీలిరంగు మందు పొయ్యమంటారు. అది బూజు జబ్బుకు వాడే మందు, ఉన్న కాసిని మంచి బ్యాక్టీరియానూ కాటేస్తుంది. చివరికి నీళ్లు తేటపడతాయి, చేపలు వెల్లకిలా తేలతాయి. “నీళ్లు ఇంత బాగున్నాయి, చేపలెందుకు పోయాయబ్బా?” అని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యం. అమ్మోనియాకు రంగు ఉండదని ఈ తేటనీటి భక్తులకు తెలియదు.

ఇక నాచు. వాస్తు సిద్ధాంతి తొట్టిని ఈశాన్యంలో పెట్టమన్నాడు. అక్కడ తూర్పు కిటికీ ఉంది, పొద్దున్నే నిండా ఎండ. సాయంత్రం చుట్టాలకు చూపించడానికి లైటు, రాత్రి పిల్లవాడికి భయం వెయ్యకుండా అదే లైటు. ఆరేడు గంటలు సరిపోయేచోట పద్దెనిమిది గంటల వెలుగు. తాతయ్య ఒక చిటికెడు, మనవడు ఒక గుప్పెడు, పనమ్మాయి జాలిపడి ఇంకొంచెం మేత. గోల్డ్‌ఫిష్ నోరు తెరిస్తే ఆకలని వీళ్ల నమ్మకం. ఆ చేపకు అసలు జీర్ణాశయమే లేదు, పేగు మాత్రమే. తిన్నదంతా చకచకా బయటికొచ్చి నాచుకు ఎరువవుతుంది. వెలుగూ ఎరువూ పుష్కలంగా పోసి పాకుడు పట్టిందని గోల పెట్టడం మనకే చెల్లింది. ఈశాన్యం ఇంటి యజమానికి కలిసొచ్చిందో లేదో గాని, నాచుకు మాత్రం బ్రహ్మాండంగా కలిసొచ్చింది.

అప్పుడు షాపతను బ్రహ్మాస్త్రం తీస్తాడు. “అన్నా, ఒక్క సక్కర్ ఏస్కో. పాకుడు మొత్తం నాకేస్తది, నువ్వు చెయ్యి పెట్టే పనే లేదు!” కవర్లో రెండంగుళాల ముద్దుపిల్ల. దక్షిణ అమెరికా నదుల నుంచి వచ్చిన ఈ క్యాట్‌ఫిష్ పెరిగితే అడుగు దాటుతుందని అతను చెప్పడు, మనం అడగం. మొదట్లో అది కొంత నాచు గీకుతుంది, ఒప్పుకోవాలి. పెద్దయ్యాక పైనుంచి పడే మేతకు మరిగి నాచు వైపు కన్నెత్తి చూడదు. పైగా అది వేసే రెట్టకు తొట్టిలో ఉన్న మురికి రెట్టింపవుతుంది. నీళ్లు బాగుచెయ్యడానికి తెచ్చిన పనివాడు అద్దె కట్టని పెద్ద సంసారిగా తేలాడు.

చంపడానికి మనసొప్పదు, పెంచడానికి తొట్టి చాలదు. అందుకని ఒక శుభముహూర్తాన కవర్లో వేసుకెళ్లి ఊరి చెరువులో వదిలి, దండం పెట్టి, ‘జీవికి స్వేచ్ఛనిచ్చాం’ అని పుణ్యం లెక్కేసుకుని వచ్చేస్తారు. ఆ పుణ్యఫలం జాలరి వలలో పడుతోంది. మన చెరువుల్లో దీన్ని దెయ్యం చేప అంటున్నారు. ఒళ్లంతా గట్టి పలకలు, రెక్కలకు ముళ్లు, వలలు చింపేస్తుంది. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. మార్కెట్లో కొనే నాథుడు లేడు. తూర్పు కనుమల ప్రాంతంలో నీటి నమూనాల్లోని డీఎన్‌ఏను పరీక్షించిన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, దాదాపు 60 శాతం జలవనరుల్లో ఇది పాగా వేసిందని తేల్చారు. డ్రాయింగ్ రూంలో పాకుడు గీకడానికి బద్ధకించిన ఫలితం ఇంతదాకా వచ్చింది.

కాబట్టి పాత తొట్టి కొనేవారికి మనవి. ఫిల్టర్ స్పాంజిని తడి ఆరనివ్వకుండా, పాత తొట్టి నీళ్లలోనే తెచ్చుకోండి. మురికెక్కువైతే తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే జాడించండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లకు క్లోరిన్ విరుగుడు కలపండి. కిటికీకి దూరంగా పెట్టండి, లైటు ఆర్పండి, మేత తగ్గించండి, అద్దం మీది పాకుడును మీ చేత్తోనే గీకండి. పెంచలేని చేపను షాపుకో, పెద్ద తొట్టి ఉన్నవాళ్లకో ఇవ్వండి. చెరువులో మాత్రం వదలకండి. అది మీ అక్వేరియానికి సెప్టిక్ ట్యాంకు కాదు.