‘మనిషి బొమ్మ’ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. మనిషి లేని చోట మనిషి బొమ్మను పెట్టి
పచ్చతెరను చూపి పలుకు నేర్పి
వంద మంది వచ్చు ముందుగా చూడరా
బరువు మోయగలదొ బండి లేదొ

అవతారిక: ఈ పద్యకర్త మా మేనల్లుడు. వృత్తి సాఫ్ట్‌వేర్, ప్రవృత్తి నిద్ర. కాలం కరోనా రెండో ఏడు. దేశం దండకారణ్యం, అనగా నేటి బస్తరు. ఊరు జగదల్‌పూర్. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవుల్లోకి వచ్చి రాజ్యం పెట్టాడని ఇక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. ఆ తరువాత తెలుగువాళ్లం మళ్లీ గుంపుగా వచ్చింది బైలాడిలా కొండల ఇనుప రాయి కోసం, కొత్తవలస–కిరండూల్ రైలెక్కి. ఆ రైలు దిగినవారిలో మా నాన్నగారొకరు.

ఉగాదికి ఏటా ఇక్కడి తెలుగు సంఘంలో మేం ఒక పద్యనాటకపు సీను వేస్తాం. ఆ ఏడు స్టేజీ లేదు, జనం లేరు, ఉత్సాహం మాత్రం ఉంది. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగం నుంచి రాయబారం సీను వీడియో కాల్‌లో వేద్దామన్నారు. కృష్ణుడు కిరండూల్ క్వార్టర్స్‌లో, దుర్యోధనుడు విశాఖలో, హార్మోనియం మా ఇంట్లో. మావాడు దానికో సాఫ్ట్‌వేర్ కట్టాడు. అది ఎవరి ముఖాన్ని వారి ఆసనంలో కూర్చోబెడుతుంది, వెనక సభా మండపం తెర దింపుతుంది, వంతు వచ్చినవాడికి పచ్చదీపం వెలిగిస్తుంది. దాన్ని పరీక్షించాలి. “పన్నెండుమంది పెద్దవాళ్లను కూర్చోబెట్టి ‘వినబడుతోందా’ అని గంటసేపు అడిగితే రెండోసారి ఒక్కరూ రారు మామయ్యా” అన్నాడు. అందుకని మనుషులకు బదులు కాల్‌లో చేరే డమ్మీలను చేశాడు. రాత్రి రెండింటికి గదిలో ఎవరితోరా మాటలు అని అడిగితే వాట్సాప్‌లో ఈ పద్యం పంపాడు.

ఇక వ్యాఖ్య. మెదకు సీమ కొలిచెలమ వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. నేను మొదటి సగానికే పూచీ.

టీక: మనిషి లేని చోటన్ = కెమెరా ముందు ఉండవలసినవాడు ఇంకా స్నానంలో ఉన్న వేళ; మనిషి బొమ్మను పెట్టి = మనిషి అనిపించే ప్రోగ్రామును ప్రవేశపెట్టి.

ఇక్కడ కాస్త ఆగాలి. బొమ్మను పెట్టడం కొత్త విద్య కాదు. చేలో దిష్టిబొమ్మ పిట్టల సాఫ్ట్‌వేర్‌కు పెట్టిన పరీక్షే. అశ్వమేధంలో ధర్మపత్ని ఆసనం ఖాళీగా ఉండకూడదని రాముడు బంగారు సీతను చేయించాడు. పాల్గొన్నట్లు లెక్క తప్ప ఆ సీత మాట్లాడింది లేదు. అయితే ఈ విద్యకు ఆదిగురువు మారీచుడు, వాడి కార్యరంగం ఈ దండకారణ్యమే. లేడిగా కనబడ్డాడు, అది నకిలీ వీడియో. చచ్చే ముందు రాముడి గొంతుతో అరిచాడు, అది నకిలీ ఆడియో. చిత్రం ఒకచోట, శబ్దం మరొకచోట పనిచేశాయి. రెండు స్ట్రీములనూ వేరువేరుగా పరీక్షించినవాడు వాడే.

మరి బస్తరు దసరాలో దేవతల బదులు వచ్చేవాటి సంగతేమిటని ఈ ఊరి పాఠకుడు అడుగుతాడు. 75 రోజుల పండుగ, రావణుణ్ణి కాల్చరు, రథం లాగుతారు. ఒకప్పుడు రాజు ఎక్కిన ఆ రథం మీద ఇప్పుడు దంతేశ్వరి అమ్మవారి ఛత్రం ఎక్కుతుంది. పల్లె పల్లె నుంచి దేవతలు డోలీలుగా, ఛత్రాలుగా తరలివస్తారు. వీటిని డమ్మీలనడం మహాపరాధం. బదులు కూర్చున్నది దండం అందుకుంటే ప్రతినిధి, అందుకోకపోతే డమ్మీ. ఇది నా నిర్ణయం. మరో వ్యాఖ్యాత ఒప్పుకోనక్కర్లేదు. అదే దసరాలో సిరహాసార్ భవనంలో ఒక యువకుడు గోతిలో తొమ్మిది రోజులు కదలకుండా కూర్చుంటాడు, దాన్ని జోగి బిఠాయి అంటారు. వీడియో కాల్‌లో తొమ్మిది నిమిషాలు కుదురుగా కూర్చోలేని మన దుర్యోధనుణ్ణి ఒకసారి తీసుకొచ్చి చూపించాలి.

పచ్చతెరను చూపి = ఆకుపచ్చ రంగు నింపిన బొమ్మను కెమెరా దృశ్యంగా చూపించి. ఇది కవి కల్పన కాదు. క్రోమ్ బ్రౌజరుకు ఒక రహస్య మంత్రం ఉంది. ‘యూజ్-ఫేక్-డివైస్-ఫర్-మీడియా-స్ట్రీమ్’ అని దాన్ని తెరిచేటప్పుడు జపిస్తే, అసలు కెమెరాను పక్కనబెట్టి పచ్చటి తెర, దాని మీద నోరు తెరుచుకున్న పిండివంట ముక్కలా గుండ్రంగా తిరిగే ఆకారం, పక్కన గడియారం అంకెలు చూపిస్తుంది. ఆరు పదాల సమాసం. విగ్రహవాక్యం: మీడియా స్ట్రీము కొరకు నకిలీ పరికరమును వాడుము. చతుర్థీ తత్పురుష అనుకోవచ్చు. అడ్డగీతలు లేకుండా రాస్తే మంత్రం పారదు. మా వ్యాకరణంలో ఇంత పట్టింపు లేదు.

పలుకు నేర్పి = ఆగి ఆగి ‘బీప్’ అనడం నేర్పి. ఆ బొమ్మకు వచ్చిన భాష అదొక్కటే. ఒక బొమ్మ అయితే సరే, పన్నెండు బొమ్మలు ఒకేసారి బీప్ అంటుంటే ఇంట్లో అలారం గడియారాల దుకాణం పెట్టుకున్నట్టుంటుంది. మా అక్క మొదటిరోజు గ్యాస్ లీకు హెచ్చరిక అనుకుని సిలిండరు కట్టేసింది.

విశేషం: ఈ బీప్ వట్టి కూత కాదు, కొలబద్ద. బొమ్మ కూసిన క్షణానికీ, అవతలి గదిలో అది వినబడ్డ క్షణానికీ తేడా చూస్తే ఆలస్యం తేలుతుంది. ఆ లెక్కతోనే మా నాటకం ప్రాణం మీదకు వచ్చింది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే స్టేజీ మీద హార్మోనియానికి 10 మీటర్ల దూరంలో నిలబడ్డ కృష్ణుడికి శ్రుతి 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఇంచుమించు అదే హద్దు. అది దాటితే ఇద్దరు కలిసి పాడటం, వాయించడం జారిపోతుంది. కిరండూల్ నుంచి కొత్తవలసకు రైలుదారి 446 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక ఆ దూరానికి పట్టేది రెండు మిల్లీసెకన్ల పైచిలుకు. దూరం తప్పేమీ లేదన్నమాట. మైకు ధ్వనిని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పోగుచేసుకోవడం, వాటిని కుదించడం, సర్వరు దగ్గర మలుపు, ఆలస్యంగా వచ్చే ముక్కల కోసం అవతలివైపు కాసేపు ఆపి ఉంచడం, అన్నీ కలిసి నూటయాభై, రెండువందలు అవుతుంది. రాగం తీసే కృష్ణుడి వెనక హార్మోనియం ఒక స్వరం వెనకబడి, అత్తింటికి వెళ్లే అల్లుడిలా, నింపాదిగా వస్తుంది. మామూలు వీడియో కాల్ సాఫ్ట్‌వేర్‌తో ఇది తీరదు. మావాడు చేతులెత్తేశాడు. చివరికి హార్మోనియాన్ని జగదల్‌పూర్ నుంచి జీపులో కిరండూల్ పంపించాం. సాంకేతిక పరిష్కారాల్లో నేను చూసిన వాటిలో ఇదే ఉత్తమం.

వంద మంది వచ్చు ముందుగా = వంద మంది రాకమునుపే. ఇక్కడ కవి శతావధానాన్ని సూచించాడని నా పక్షం. మూలనాటక కర్తలైన జంట కవులు శతావధానులు కదా. నూరుగురు పృచ్ఛకులు నూరు వైపుల నుంచి లాగుతుంటే ఒక్క బుర్ర నిలబడుతుందా అని చూడటం కన్నా పెద్ద లోడ్ టెస్టింగ్ ఏ దేశం చేసింది? ఇదే మావాణ్ణి అడిగితే “ప్రాసయతి కోసం వంద వేశాను, ఉన్నవి పన్నెండే” అన్నాడు. కవి మాటకు వ్యాఖ్యాత కట్టుబడనక్కర్లేదు. పన్నెండైనా లెక్క చిన్నదేం కాదు. ఒక్కొక్కరూ మిగతా పదకొండుమందికీ నేరుగా పంపుకుంటే 132 ప్రవాహాలు. మధ్యలో సర్వరును పెడితే ఒక్కొక్కరూ ఒక్కటే పంపుతారు, పంచే బాధ్యత దానిది. తద్దినం భోజనంలో అందరూ ఎవరి పులుసు గిన్నె వాళ్లు పట్టుకు తిరక్కుండా ఒక వడ్డించేవాణ్ణి పెట్టుకున్నట్టు. 12 కి 132 అయితే వందకు 9,900. వడ్డించేవాడు పారిపోడా?

ముందుగా అన్న మాటలో మరో మెలిక ఉంది. బస్తరు దసరా మొదలవ్వాలంటే ముళ్ల ఊయల మీద పడుకున్న బాలిక నోట కాఛన్ దేవి అనుమతి ఇవ్వాలి. క్రోమ్ కూడా ఎవరి కెమెరా ముట్టాలన్నా ‘అనుమతిస్తారా’ అని అడుగుతుంది. పన్నెండు డమ్మీలకు పన్నెండుసార్లు సరే అని నొక్కే ఓపిక లేక మావాడు ‘ఫేక్-యూఐ’ అనే ఇంకో మంత్రంతో ఆ అడగడాన్నే దాటేశాడు. దేవి దగ్గర అలాంటి మంత్రం లేదు.

చూడరా = తనను తానే పిలుచుకుంటున్నాడు. గదిలో ఇంకెవరూ లేరు.

బరువు మోయగలదొ బండి లేదొ = బండి భారం భరిస్తుందా లేదా. బస్తరులో బండి అంటే రథమే తలపుకు వస్తుంది. ఏడాదికో రథాన్ని కొత్తగా కడతారు. మావాడిదీ కొత్త బండే. తొమ్మిదో డమ్మీ ఎక్కగానే చిత్రాలు ముక్కలయ్యాయి, ల్యాప్‌టాప్ పంకా పిండిమరలా మోగింది, సాఫ్ట్‌వేర్ పడిపోయిందని వాడు దిగులుపడ్డాడు. పడింది అది కాదు. తొమ్మిది డమ్మీలనూ ఒకే ల్యాప్‌టాప్ మీద నడిపాడు. ఒక్కొక్క డమ్మీ పూర్తి బ్రౌజరు; తన బొమ్మను కుదించాలి, మిగతావాళ్ల బొమ్మలను విప్పాలి. అలిసిపోయింది చూసేవాడి కన్ను, లాగే ఎద్దు కాదు. డమ్మీలను నాలుగు అద్దె మెషీన్ల మీదికి పంచాక బండి చక్కగా మోసింది. పద్యంలో ‘ఏ బండి’ అని లేకపోవడం లోపం.

శంక: బొమ్మలు ఒప్పుకుంటే మనుషులు ఒప్పుకున్నట్టేనా?

సమాధానం: కాదు. డమ్మీలు పన్నెండూ ఒకే క్షణంలో గదిలోకి దూకుతాయి. మనుషులు ఒక్కొక్కరే, పావుగంట ఆలస్యంగా వస్తారు. డమ్మీ మ్యూట్ మరిచిపోదు, పక్కింటివాడితో మాట్లాడదు. అష్టావధానంలో ఎనిమిదిమందిలో ఒకరిని ప్రత్యేకంగా అప్రస్తుత ప్రసంగానికి పెట్టారంటే పూర్వులకు మనుషుల సంగతి తెలిసే. ఇది నేను చెప్పగా మావాడు ఏడో నంబరు డమ్మీకి బీప్ తీసేసి, మా వంటింట్లో రికార్డు చేసిన కుక్కర్ విజిల్ ఎక్కించాడు. క్రోమ్ అందుకూ ఒప్పుకుంటుంది, ధ్వని ఫైలు ఇస్తే చాలు. లినక్స్‌లో ‘నెట్‌ఎమ్’ అనే పనిముట్టుతో దాని దారిలో కావాలని ఆలస్యమూ, అక్కడక్కడా పాకెట్లు రాలిపోవడమూ పెట్టాడు. కోంటా వైపు అడవిలో సిగ్నలు ఎలా ఉంటుందో అలా. దానికి ‘అప్రస్తుతం’ అని పేరు పెట్టాం. పన్నెండింటిలో మనిషి పోలిక దానికొక్కదానికే వచ్చింది.

ఛందస్సు: ఆటవెలది. నాటకానికి సంబంధించిన పద్యానికి ఈ పేరు కలిసొచ్చింది. ‘మోయగలదొ’, ‘లేదొ’ అని చివర హ్రస్వాలు వేసి గణాలు సర్దుకున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే ప్యాచ్ అంటారట.

తాత్పర్యం: అతిథులు రాకమునుపు విస్తళ్లు లెక్కపెట్టుకో.

పాఠాంతరం: నాలుగో పాదాన్ని ‘బరువు మోసె నేమొ బండి గాని’ అని ఉగాది మర్నాడు మావాడు దిద్దాడు. కారణం ఇది. సీను బాగా జరిగింది. కృష్ణుడి రాగం ముగిసీ ముగియకముందే కుక్కర్ విజిల్ ఒకటి మోగింది. ఎవరో అభిమాని ఈల వేశాడనుకుని దుర్యోధనుడు విశాఖ నుంచి ‘వన్స్‌మోర్’ అన్నాడు, కృష్ణుడు సంతోషించి పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు. మావాడు డమ్మీలను గదిలోంచి తీయడం మరిచిపోయాడు. సంఘం మినిట్స్ పుస్తకంలో ఆ రోజు హాజరు 53 అని ఉంది. అందులో 12 మావాడివి. ఇంతవరకు ఎవరూ దిద్దలేదు.