రూథర్‌ఫర్డు చుక్కలకు టీకా తాత్పర్యం

అవతారిక: ఎలమంచిలి దగ్గరి ఊరిలో తీర్థానికి అల్లూరి సీతారామరాజు నాటకం ఆడదలచిన కుర్రకారు, డ్రెస్సులు అద్దెకిచ్చు కొట్టుకు చీటీ పంపిరి.

మూలం: "రూథర్‌ఫర్డు డ్రెస్సు ఒకటి. భుజానికి మూడేసి చుక్కలు. సింహాలు కూడా పెట్టండి. బూట్లు మావే."

ప్రతిపదార్థం: రూథర్‌ఫర్డు = రాజును పట్టుటకై 1924లో ఏజెన్సీకి స్పెషల్ కమిషనరుగా వచ్చిన ఐసీఎస్ దొర; మూడేసి చుక్కలు = ఎర్రనీలి పట్టీ ఉన్నచో సీఐ, లేనిచో డీఎస్పీ; సింహాలు = అశోకుని స్తంభము మీదివి; బూట్లు మావే = అద్దె తగ్గించవలెనని ధ్వని.

టీక: ఐసీఎస్ అనగా కలెక్టర్ల కోవ. పోలీసు కాడు, సిపాయి కాడు. అట్టివాని భుజమున చుక్కలెట్లు పొడిచినవని శంక. చుక్కలు లేనిదే జనము దొరయని నమ్మరని నాటకాలవారి సమాధానము. అది మాకు సమ్మతము కాదు. సోలా టోపీ ఏమైనది?

పట్టీ మర్మము సూక్ష్మము. ఎస్సైకి రెండు చుక్కలు, పట్టీ. సీఐకి మూడు, పట్టీ. డీఎస్పీకి అవే మూడు, పట్టీ ఊడును. ఊడుటయే ప్రమోషను! ఆ మూటికి సింహములు తోడైనచో డీఎస్పీ కాస్తా డీఐజీ. "కూడా పెట్టండి" అను ఒక్క మాటతో కుర్రవారు ఎన్ని మెట్లు దాటించిరో కనుడు.

పోనీ డీఐజీయే అనుకొందము. రాజు నేలకొరిగినది 1924 మే 7న. సింహములు మనకు రాజ్యచిహ్నమైనది 1950 జనవరి 26న. తెల్లదొర స్వతంత్ర భారత ముద్రను భుజాన మోయుచు రాజును వేటాడుచున్నాడు. కొందరిచట విరోధాభాసాలంకారమందురు. ఆభాస ఎక్కడిది, విరోధమే.

చుక్కలు లెక్కించి పెద్దరికము కట్టువారు రెండో ప్రపంచయుద్ధము నాటి జర్మను సైన్యమును చూడవలె. అచట లెఫ్టినెంటుకు చుక్కే లేదు. పై మెట్టున ఒకటి, కెప్టెనుకు రెండు. మేజరు కాగానే మరల సున్న; వెండిరంగు త్రాడు మాత్రము భుజమున జడగా అల్లుకొనును. ఆ మేజరును మన రంగస్థలమెక్కించినచో ముందువరుసవారు బ్యాండుమేళమువాడనుకొని పాటొకటి వాయించుమందురు.

తాత్పర్యం: ఓ కొట్టువాడా! దొరను ఎంత పెద్దవాని చేసినను సరే, అద్దె మాత్రము పెంచకుము.

పాఠాంతరం: చీటీ వెనుక కొట్టువాని వ్రాత కలదు: "సింహాలు ఒక భుజానికే ఉన్నాయి. రెండోవి పోయినసారి మీవాళ్లే పోగొట్టారు. ఆ డబ్బులు కట్టి తీసుకెళ్లండి."