పంటవలయ పద్యము: సటీకాతాత్పర్యము

అవతారిక

ఇంగ్లండు దక్షిణభాగంలో, విల్ట్‌షైర్ అనే కౌంటీలోని సుద్దరాతి గుట్టల నడుమ పరచుకొన్న గోధుమ, బార్లీ చేలలో, వేసవి రాత్రివేళ పైరు వలయాకారంగా నేలకు వాలి, తెల్లవారేసరికి ఆకాశంనుంచి చూడదగిన బొమ్మగా తేలడం 1980లనుంచి లోకానికి తెలిసిన సంగతి. ఇంగ్లీషువారు క్రాప్ సర్కిల్ అని పిలిచే ఈ వింతకు ఈ వ్యాఖ్యలో పంటవలయమని వ్యవహారం. మొదట ఒంటి వలయాలు, తరువాత నడుమ ఒకటి పెద్దదిగా చుట్టూ నాలుగు చిన్నవిగా ఉన్న పంచకాలు, 1990 నాటికి గీతలూ కొక్కేలూ గల పొడవాటి చిత్రలిపులు, ఆపైన మూడు సుడుల చిహ్నాలు, సెల్టిక్ శిలువలు, ఆరు రేకుల పువ్వులు, మండలాలు వచ్చి చేరి గ్రంథం పెరిగింది. గ్రంథం పెరిగిన చోట వ్యాఖ్యాతలు పుట్టక మానరు కనుక, రోమనుల ధాన్యదేవత సెరీస్ పేరుమీద సీరియాలజీ అనే శాస్త్రమొకటి వెలసి, 1990లో దానికొక పత్రిక కూడా వచ్చింది.

ఆ శాస్త్రానికి మూలం పొలంలో ఉండి కోతల కాలానికి యంత్రం పాలవుతుంది, వ్యాఖ్య మాత్రం పుస్తకాల్లో నిలిచిపోతుంది. మూలం చూపని వ్యాఖ్య చెల్లదనే పండితుల ఆక్షేపణ తీర్చడానికి, ఈ వ్యాఖ్యకోసమే కట్టిన ఆటవెలది ఒకటి కింద ఉంచడమైనది. వ్యాఖ్యను చూసుకొని మూలం పుట్టడమేమిటని శంకించేవారు కొంచెం ఓపిక పట్టాలి. పంటవలయాల సంప్రదాయంలో అది దోషం కాదని ముందు ముందు తేలుతుంది.

మూలము

ఆ. రాత్రి చేలఁ దూరి రజ్జువుఁ బట్టుక
పలక తొక్కి వంచె పైరునెల్ల
తెల్లవాఱ నొకఁడు తీరుగ నర్థమ్ము
చెప్పె, జగము నమ్మె, చేను నవ్వె.

ప్రతిపదార్థము

రాత్రి = రాత్రివేళ. ఆ అక్షాంశంలో జూన్, జులై నెలల రాత్రి ఎనిమిది గంటలకు అటూ ఇటూగా ముగుస్తుంది, అందులో గాఢమైన చీకటి ఇంకా తక్కువ. 2001 ఆగస్టులో మిల్క్ హిల్ అనే గుట్టమీద, ఆరు చేతులుగా సుడి తిరిగిన 409 వలయాల బొమ్మ ఒక్క రాత్రిలో వెలిసినందున, ఇంత తక్కువ కాలంలో మనుషులకు ఇది అసాధ్యమని కొందరు వ్యాఖ్యాతలు తీర్మానించారు. కాలపరిమాణాన్ని లెక్కించినవారు కూలీల సంఖ్యను లెక్కలోకి తీసుకోలేదన్నది ఇక్కడ గమనించదగినది.

చేలన్ = చేలలోనికి, దూరి = ప్రవేశించి. ఈ గ్రంథానికి పత్రాలు మూడు విధాలు: వసంతంలో పసుపుపచ్చగా పూసే ఆవజాతి నూనెగింజల పైరు, తరువాత బార్లీ, చివరగా గోధుమ. పైరులో మనిషి నడిచిన జాడ లేదు కనుక ఇది మానవకృతం కాదనే వాదం ఈ పదం దగ్గర తరచుగా లేస్తుంది. మందు చల్లే ట్రాక్టరు ప్రతిసారీ ఒకే దారిన పోవడంవల్ల ప్రతి చేలోనూ చక్రాల వెడల్పున సమాంతరమైన బాటలు ఏర్పడి ఉంటాయి. ఆ బాటపట్టి పోయినవాడి అడుగు పైరుమీద పడదు. వలయాలలో అత్యధికం ఆ బాటలను తాకుతూనే ఉండడం, రోడ్డుకు దగ్గరగా, పేరున్న పురాతన కట్టడాలకు కనుచూపు మేరలో ఉండడం కేవలం యాదృచ్ఛికమనేవారు అలాగే అనుకోవచ్చు.

రజ్జువున్ = తాటిని, పట్టుక = పట్టుకొని. ఈ పదమే పద్యానికి ప్రాణం. వేదాంతులు చెప్పే రజ్జుసర్పభ్రాంతిలో తాడు పాముగా కనబడుతుంది; ఇక్కడ పాము మాత్రమే కనబడి తాడు ఉన్నదన్న ఊహ కూడా కలగలేదు. మేకు ఒకటి, తాడు ఒకటి ఉంటే వృత్తం వస్తుంది. తాటి పొడవు మార్చకుండా, గీసిన వృత్తపు అంచుమీదే మేకు పాతి మళ్ళీ తిప్పుతూ పోతే, ఎవరూ ఉద్దేశించకుండానే నడిమి వృత్తంలో ఆరు రేకుల పువ్వు ఏర్పడుతుంది. దీనినే నేటి ఆధ్యాత్మిక గ్రంథాలు జీవనపుష్పమని పేర్కొని అనాది విద్యగా వర్ణిస్తాయి. ఆకారం ప్రాచీనమైనదే అయినా ఆ పేరూ దానికి చెప్పే తత్త్వమూ ఇరవయ్యో శతాబ్దపు చివరి భాగంలో ప్రచారంలోకి వచ్చినవి. బోధాయనుడు, ఆపస్తంబుడు మొదలైనవారి శుల్బసూత్రాలు యజ్ఞవేదికలను కొలవడానికి చెప్పిన సాధనం కూడా తాడే. నానా దేశాల పురాతన చిహ్నాలు ఒకదానినొకటి పోలి ఉన్నాయంటే వాటి వెనుక ఒకే దివ్యజ్ఞానం ఉన్నదని నిశ్చయించే ముందు, వాటి వెనుక ఒకే రకం సాధనం ఉండవచ్చునన్న అల్పమైన సంగతిని కూడా తూచి చూడడం న్యాయం.

పలక = చెక్కపలకను, తొక్కి = పాదంతో అదిమి. పలక రెండు కొనలకూ తాడు కట్టి, ఆ తాటిని చేతులతో పట్టుకొని, ఒక కాలితో పలకను అదుముతూ ముందుకు జరిగితే కాడలు విరగకుండా ఒకే దిశకు పడుకొంటాయని సంప్రదాయం. ఈ సంప్రదాయానికి సూత్రకారులు సౌతాంప్టన్ నివాసులైన డగ్ బవర్, డేవ్ చోర్లీ అనే మిత్రులిద్దరు. 1966లో ఆస్ట్రేలియా దేశపు క్వీన్స్‌లాండ్‌లో, టల్లీ అనే ఊరివద్ద మడుగులోని తుంగ వలయంగా అణగి ఉండడం, అది పళ్ళెం ఆకారపు ఆకాశనౌక దిగిన చోటని ప్రచారం కావడం బవర్‌కు తెలుసు. ఆ జ్ఞాపకంతో వీరు 1970లలో ఇంగ్లండు చేలలో పని మొదలుపెట్టి, 1991 సెప్టెంబరులో టుడే అనే దినపత్రిక ముఖంగా రహస్యం బయటపెట్టేలోగా రెండువందలకు పైగా వలయాలు వేసినట్టు చెప్పుకొన్నారు. సరళరేఖ తప్పకుండా ఉండడానికి టోపీ అంచునుంచి కంటి ముందుకు ఒక తీగచుట్టను వేలాడదీసి, దానిగుండా దూరపు చెట్టునో దీపాన్నో గురిచూస్తూ నడిచేవారు. నవ్వించి ఆపై ఆలోచింపజేసే పనులకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 1992లో భౌతికశాస్త్ర విభాగంలో వీరికి వచ్చింది.

పైరున్ ఎల్లన్ = పైరునంతటిని, వంచెన్ = వంచెను. ఎవరు వంచారన్నది పద్యంలో లేదు. కర్తృపదం అధ్యాహార్యం, అనగా వాక్యంలో లేకున్నా సందర్భాన్నిబట్టి చదివేవాడు తెచ్చి చేర్చుకోవలసినది. పంటవలయాల ఆధ్యాత్మికార్థ విచారమంతా నిజానికి ఈ లోపించిన కర్తను పూరించే ప్రయత్నమే.

కర్త వాయువని ఒక పక్షం. వాతావరణశాస్త్రజ్ఞుడైన టెరెన్స్ మీడెన్ ఈ పక్షానికి ఆచార్యుడు. గుట్టల పక్కన పుట్టే సుడిగాలి విద్యుదావేశం పొంది పైరును వలయంగా పడగొడుతుందని ఆయన ప్రతిపాదించాడు. గాలి వృత్తం గీయగలదు కాని చతురస్రం గీయలేదు కదా అని ఆలోచించిన సూత్రకారులు, ఆ మతాన్ని ఖండించడానికే తమ బొమ్మల్లో సూటిగీతలను, దీర్ఘచతురస్రాలను చేర్చారు. వ్యాఖ్య వచ్చిన తరువాత దానికి అనుగుణంగానో విరుద్ధంగానో మూలం మారిపోవడం తక్కిన శాస్త్రాలలో అరుదు. అవతారికలో కోరిన ఓపిక ఇందుకోసమే. గీతలు రాగానే, ఇది గాలి పని కాదు, బుద్ధిగల శక్తి పని అని రెండవ పక్షం బలపడింది. పాట్ డెల్గాడో, కాలిన్ ఆండ్రూస్ 1989లో ప్రచురించిన సర్క్యులర్ ఎవిడెన్స్ అనే పుస్తకం ఈ పక్షానికి ఆధారగ్రంథం. ఆ బుద్ధిని ఒకరు గ్రహాంతరవాసులకు, ఒకరు భూమాతకు, ఇంకొకరు సామూహిక చైతన్యానికి ఆపాదించారు. వంగిన కాడల కణుపులు సాగి ఉన్నాయనీ, కనుక ఏదో అజ్ఞాతతాపం సోకిందనీ ప్రమాణం చూపినవారూ ఉన్నారు. నేలకు వాలిన పచ్చికాడ మళ్ళీ నిటారుగా లేవడానికి కణుపుల అడుగు వైపు పెంచుకొంటుంది. గాలివానకు పడిన పైరులో ఏ రైతైనా ఈ గుణాన్ని చూడవచ్చు.

ప్రాచీనత చూపనిదే శాస్త్రానికి గౌరవం రాదు కనుక, 1678లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతపు కథగా అచ్చయిన కరపత్రాన్ని అందరూ ఉదహరిస్తారు. కోతకూలి ఎక్కువ అడిగినవాడికి పని ఇవ్వడం కన్నా సైతాను చేతనే కోయిస్తానని ఒక రైతు శపథం పట్టగా, ఆ రాత్రి చేను మండుతున్నట్టు కనబడి, ఉదయానికి పైరంతా చక్కగా కోసి ఉన్నదని అందులోని వృత్తాంతం. అందులో పైరు కోసి ఉన్నదే కాని వంచి లేదు. ఆ కథకు ఆధ్యాత్మికార్థం వెతకడం కన్నా, అడిగిన కూలి ఇవ్వమన్న అర్థం తీసుకోవడమే సుగమం.

తెల్లవాఱన్ = తెల్లవారగా, ఒకఁడు = ఒక వ్యాఖ్యాత, తీరుగన్ = చక్కగా, అర్థమ్ము = భావమును, చెప్పెన్ = వివరించెను. ఒకఁడు అన్నది జాత్యేకవచనం, అనగా ఒక్కడిని చెప్పి ఆ జాతినంతా సూచించడం. 1990 జులైలో బీబీసీవారు, జపాన్ టెలివిజన్‌వారు సహకరించగా పరిశోధకులు కెమెరాలు పెట్టి ఒక లోయను రాత్రంతా కాపలా కాశారు. వలయాలు పుట్టాయని ఉదయాన్నే లోకానికి ప్రకటించిన తరువాత లోపలికి వెళ్ళి చూస్తే, జాతకాల ఆట అట్టలూ చెక్క శిలువలూ దొరికాయి. మరుసటి ఏడు, పత్రికవారి కోరికపై సూత్రకారులు కెంట్ కౌంటీలో వేసిన వలయాన్ని డెల్గాడో పరీక్షించి మనిషి చేయలేనిదన్నాడు. నిజం తెలిశాక మోసపోయానని ఒప్పుకొన్న ఆయన నిజాయితీని మెచ్చుకోవాలి, ఆ గుణం సంప్రదాయంలో తరువాత పెద్దగా వ్యాపించలేదు. స్టోన్‌హెంజ్ అనే పురాతన రాతికట్టడపు ఖగోళరహస్యాలమీద గ్రంథం రాసిన జెరాల్డ్ హాకిన్స్ మాత్రం వలయాల కొలతల్లో యూక్లిడ్ చెప్పని జ్యామితి సిద్ధాంతాలు కనిపెట్టాడు. ఆ సిద్ధాంతాలు నిజమైనవే, వాటిని పైరులో చూడగల కన్ను ఆయనదన్నదీ అంతే నిజం.

వ్యాఖ్యాతల సామర్థ్యం పూర్తిగా ప్రకాశించిన ఘట్టం 2001లో చిల్‌బోల్టన్ రేడియో టెలిస్కోపు పక్క చేలోనిది. 1974లో అరెసిబో రేడియో టెలిస్కోపునుంచి ఎం13 అనే తారాగుచ్ఛానికి పంపిన రేడియో సందేశానికి ప్రత్యుత్తరంలాంటి బొమ్మ అక్కడ వెలసింది. ఆ గుచ్ఛం దూరం సుమారు 25,000 కాంతి సంవత్సరాలు. అంత దూరంనుంచి జవాబు 27 ఏళ్ళలో రావడం ఒక విశేషమైతే, ఎదురుగా టెలిస్కోపు సిద్ధంగా ఉండగా దానికి వినిపించకుండా, పక్కనున్న పైరును తొక్కి రాయడం అంతకన్న విశేషం.

జగము = లోకము, నమ్మెన్ = విశ్వసించెను. చేను = పొలము, నవ్వెన్ = నవ్వెను. నవ్వినది చేనే కాని రైతు కాడని గ్రహించాలి.

పాఠాంతరము

1990 ఆగస్టులో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఎండిన చెరువు నేలమీద, పావుమైలు వెడల్పున శ్రీచక్రం ఆకాశంనుంచి ఒక సైనిక వైమానికుడికి కనబడింది. అయోవాకు చెందిన చిత్రకారుడొకరు తన మిత్రులతో కలిసి నాగలి లాగి గీశామని చెప్పినా, మనుషులకు సాధ్యం కాదన్నవారు వెనక్కి తగ్గలేదు. ఇది పంటవలయం కాకున్నా తెలుగు పాఠకులకు పరిచయమైన చిహ్నం కనుక ఇక్కడ ప్రస్తావన. వెలుపలి భూపురంనుంచి నడిమి బిందువుదాకా ఒక్కొక్క ఆవరణకూ దేవతలు, మంత్రాలు, పూజాక్రమం ఉన్నాయి. ఉపాసకులు ఆ క్రమాన్ని నేటికీ ఆచరిస్తున్నారు కనుకనే ఆ గీతలకు అర్థం ఉన్నది. ఐర్లండులోని న్యూగ్రేంజ్ సమాధిరాతిమీది మూడు సుడుల చిహ్నాన్ని సెల్టిక్ చిహ్నమంటారు కాని, అది సెల్టులు ఆ దేశం చేరడానికి రెండు వేల ఏళ్ళకు పైగా ముందరిది. దానిని చెక్కినవారి ఆచారం అంతరించినందున అర్థమూ వారితోనే పోయింది. ఆచారం పోయిన ఆకారాన్ని తెచ్చి పైరులో వేస్తే, దాని అర్థం తిరిగి రాదు.

తాత్పర్యము

రాత్రి ఎవరో పైరు వంచారు, పగలు ఎవరో అర్థం చెప్పారు. వంచినవాడు వచ్చి నేనే అన్నప్పుడు, అర్థం చెప్పినవాడు నువ్వు కాదన్నాడు. 1991 తరువాత వలయాలు తగ్గకపోగా మరింత జటిలమయ్యాయి. 2008లో బార్బరీ కాజిల్ దగ్గర గణితంలోని π విలువను పది అంకెలదాకా సంకేతంగా వేసినవారికి వ్యాఖ్యాతలు ఏమి కోరుకొంటున్నారో బాగా తెలుసు. ఈ గ్రంథంలో మూలకర్తలు వ్యాఖ్యాతలకు శిష్యులు.

అలంకారము, ఫలశ్రుతి

చేను నవ్వెనన్నచోట అచేతనానికి చేతనధర్మం ఆరోపితమైనది. రైతు విషయంలో అలంకారం లేదు: అడ్డంగా పడుకొన్న గోధుమను కోతయంత్రం సరిగా ఎత్తుకోలేదు, బొమ్మ చూడవచ్చినవారి తొక్కుడువల్ల నష్టం పెరుగుతుంది. 2000లో వలయం వేసినందుకు ఒకరికి విల్ట్‌షైర్‌లో వంద పౌండ్ల జరిమానా పడింది. 1996లో స్టోన్‌హెంజ్ ఎదుట జూలియా సెట్ అనే గణితరూపంలో 151 వలయాలు వెలసిన చేను రైతు మాత్రం, దారిలో బల్ల వేసి ప్రవేశరుసుము వసూలు చేసి, పోయిన పైరు ధరకు ఎన్నో రెట్లు రాబట్టాడని ప్రసిద్ధి. కనుక చిహ్నార్థ జిజ్ఞాసతో ఆ దేశం పోయే పాఠకులు ముందు రైతు అనుమతి తీసుకొని, ట్రాక్టరు బాటలోనే నడిచి, గేటు దగ్గర డబ్బుపెట్టె కనబడితే అందులో రుసుము వేసి మరీ లోపలికి పోవలెను.