పదడుగులకు ఇరవై

(తమిళనాడులోని ధర్మపురి బస్టాండు పక్క సందులో ఫ్లెక్సీ కొట్టు. కంప్యూటరు ముందు కుర్రాడు, నుదుట విభూతి. వెనక మూడు ప్లాస్టిక్ కుర్చీల్లో సీఎస్ఐ సంఘపెద్ద, కతోలిక ఉపదేశి, సొంత మందిరం పాస్టరు. ముగ్గురి టీ గ్లాసులూ ఒకే పళ్ళెంలో వచ్చాయి. ఆ పూట కుదిరిన ఐక్యత అంతవరకే.)

కుర్రాడు: పైన "క్రైస్తవ ఐక్య ప్రార్థన సభ" అని వేశా. తేదీ చెప్పండయ్యా.

ఉపదేశి: జనవరి 18 నుంచి 25 దాకా లోకమంతా ఐక్యత కోసం ప్రార్థించే వారం. అందులో 24 వెయ్యి తంబీ. 1997లో మా ధర్మపురి మేత్రాసనం పుట్టిందీ ఆ రోజే.

సంఘపెద్ద: అదీ సంగతి! మీ పుట్టినరోజు పండక్కి మేమొచ్చి చప్పట్లు కొట్టాలి, దాని పేరు ఐక్యత. అసలు తేదీ సెప్టెంబరు 27. 1947లో మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు, అందరూ ఒక్క సీఎస్ఐ సంఘమయ్యారు.

పాస్టరు: అందరూ అంటావేంటన్నా? నంద్యాల తట్టు కొందరు మేం రామని కూచున్నారు కదా.

సంఘపెద్ద: (టీ చప్పరించి) చాలా ఏళ్ళకు వచ్చార్లే. 1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ అజరయ్యగారు కూడా కూచుని మొదలుపెట్టిన మాట ఈ ఐక్యత. తెగడానికి 28 ఏళ్ళు పట్టింది. ఆయన ఆ రోజు చూడనే లేదు, 1945లోనే పోయాడు.

కుర్రాడు: అయ్యా, రెండింటికి కరెంటు పోతుంది.

(తేదీ దగ్గర ఖాళీ వదిలి ఫొటోలకొచ్చారు. ఇద్దరు బిషప్పులూ పై వరసలో ఎక్కారు. పాస్టరు తన ఫోన్లోంచి పంపింది కోటు, మైకు, పక్కన పాస్టరమ్మ.)

ఉపదేశి: మీది బిషప్పుల వరసలో ఎందుకు?

పాస్టరు: నాకు పైన బిషప్ లేడు. నేరుగా ప్రభువే.

సంఘపెద్ద: అందుకని ప్రభువు పక్కనే దిగబడ్డావు.

కుర్రాడు: చోటు చాల్లేదయ్యా. యేసయ్య భుజమ్మీది గొర్రెపిల్లను తీసేస్తే అమ్మగారు పడతారు.

(ముగ్గురూ తెర దగ్గరికి వంగారు. ఒక్క నొక్కుకి గొర్రెపిల్ల పోయింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.)

పాస్టరు: కార్యక్రమంలో "బాప్తిస్మ సాక్ష్యాలు" అని వెయ్యి.

ఉపదేశి: జ్ఞానస్నానం అనాలి.

కుర్రాడు: అరవంలో ఈ పెద్దాయన చర్చివాళ్ళు కూడా జ్ఞానస్నానమనే కొట్టిస్తారే? తెలుగులోకొస్తే నీళ్ళు మారిపోతాయా?

సంఘపెద్ద: మాటదేముంది తంబీ! చిన్నప్పుడే మేం తలమీద నీళ్ళు పోసిన పిల్లోళ్ళు నలుగుర్ని ఈయన హొగెనకల్లుకు తీసుకుపోయి మళ్ళీ ముంచాడు. తిరిగి మా చర్చి గడప తొక్కలేదు.

పాస్టరు: చిలకరిస్తే అయిపోతుందా అన్నా? మునగాలి.

కుర్రాడు: నీళ్ళు ఎక్కువొస్తే కలెక్టరు అక్కడ స్నానాలు ఆపేస్తాడు కదా. అప్పుడు రక్షణ కూడా ఆగుతుందా?

(పాస్టరు ఫోను మోగింది. విన్నాడు. కుర్చీలో కూలబడ్డాడు.)

పాస్టరు: మా మందిరం ముసలామె పోయిందంట... అన్నా, మాకు సమాధుల తోట లేదు. మీదాంట్లో ఆరడుగులు...

సంఘపెద్ద: అయ్యో, మంచి మనిషి! కానీ సభ్యత్వం ఉండాలి కదయ్యా. పోనీ పాత చందా రసీదులేమన్నా ఉన్నాయా? ఏదైనా కమిటీలో పెట్టాలి. కమిటీ ఆదివారం.

పాస్టరు: ఎండాకాలమన్నా.

ఉపదేశి: మాదాంట్లో అయితే ఫాదరుగారు సంతకం పెట్టాలి. ఆయన సేలం పోయారు.

(ముగ్గురూ గోడమీది ప్రింటు నమూనాల కేసి చూస్తున్నారు. కుర్రాడు ఐక్య సభను పక్కకు నెట్టి కొత్త పేజీ తెరిచాడు.)

కుర్రాడు: నాలుగుకు ఆరు, "కన్నీటి అంజలి". ఫొటో ఒక్కటే, చోటు బోలెడుంది. పేరు చెప్పండి పాస్టరయ్యా... వయసు... సరే. అంత్యక్రియలు జరిగే స్థలం?

(పాస్టరు సంఘపెద్దను చూశాడు. సంఘపెద్ద ఉపదేశిని చూశాడు. ఉపదేశి వాచీ చూసుకున్నాడు.)

కుర్రాడు: ఇది కూడా ఖాళీ వదిలెయ్యనా?