బంపరు చూసి జాతకం చెప్పేవారు

కారు వయసు తెలియాలంటే ఆర్సీ బుక్కు అక్కర్లేదు, బంపరు చాలంటాడు మా బావమరిది. ఉద్యోగం హైదరాబాద్‌లో, ప్రాణం పాత స్పోర్ట్స్ కార్లలో. ఒక్కటీ కొన్నది లేదు గానీ, పెళ్లివారు జాతకం చూసినంత శ్రద్ధగా ఫోన్లో బంపర్లు చూస్తాడు.

మొన్న మా ఊరు ఆవపల్లి వచ్చినప్పుడు టీ కొట్టు దగ్గర కూడా అదే పాఠం. వోల్వో పీ1800 అని ఒక కారుందట. 1961లో వచ్చిన తొలి బళ్లకు ముందు బంపరు రెండు ముక్కలు. గ్రిల్ దగ్గర వాటి కొసలు పైకి తిరిగి ఉంటాయి కాబట్టి దాన్ని ఆవు కొమ్ముల బంపరంటారు. తర్వాతి బళ్లకు కొమ్ములు పోయి తిన్నని బంపరు వచ్చింది. ఎంజీబీ అయితే మరీ తేలిక: 1974 దాకా తళతళలాడే క్రోమ్, ఆ తర్వాత నల్లటి రబ్బరు మూతి. ఎందుకంటే 1973 మోడళ్ల నుంచి అమెరికా ఒక నియమం పెట్టింది. కారు గంటకు 5 మైళ్ల వేగంతో, అంటే 8 కిలోమీటర్లతో, గోడకు గుద్దినా లైట్లు చెక్కుచెదరకూడదు. పాపం, ఎంజీబీ మూతి మార్చుకోవడమే కాక కాస్త ఎత్తు కూడా పెరగాల్సొచ్చింది. పోర్షే 911 మాత్రం 1974 మోడల్ బంపర్లకు ముడుచుకునే రబ్బరు మడతలు పెట్టి పరువు నిలుపుకుంది.

కమాండర్ జీపు నడిపే అన్న అంతా విని గ్లాసు కింద పెట్టాడు. "లైట్లు సరే సార్, లోపలున్నోళ్ల సంగతేంటి?"

అసలు ఈ విద్య ఆవపల్లిలో ఎవరికి రాదు? బాసగూడ వైపు నుంచి జీపు మలుపు తిరిగిందంటే ముందు కనబడేది బంపరే. మూడు గొట్టాల గార్డయితే ఓనరు కాస్త ఉన్నవాడు. ఎడమకు వంగిందంటే ఇప్పచెట్టును పలకరించింది. కొత్త రంగు వేసుందంటే నిన్ననే పలకరించింది. కంపెనీ బంపరన్నది షోరూము నుంచి ఇంటికొచ్చేదాకే. ఆపైన అంతా వెల్డింగ్ షాపువాడి చేతిరాత. మావాడు బంపరు చూసి తయారైన సంవత్సరం చెబుతాడు, మా ఊళ్లో బంపరు చూసి తగిలిన సందర్భాలు చెబుతారు.

వెనక బంపరుది వేరే శాస్త్రం. అమెరికావాళ్లు మొదట్లో దాన్ని గంటకు రెండున్నర మైళ్ల గుద్దుడుతో పరీక్షించి సరిపెట్టారు. మావాళ్లు సంతరోజు నలుగురు మనుషుల్ని, రెండు బస్తాల ఇప్పపువ్వుని, పందేనికి పోయే ఒక పుంజుని ఎక్కించి పరీక్షిస్తారు. పుంజు కూడా కుదురుగా నిలబడితేనే బండి కదులుతుంది.

"ఒరిజినల్ బంపరుంటేనే బండికి విలువ బావా" అని మావాడు నాతో అంటే, అన్నే అందుకున్నాడు: "ఇన్నేళ్లు తిరిగీ ఒరిజినల్‌గానే ఉందంటే, అది తిరగనట్టే సార్."

మావాడికి రోషమొచ్చి చట్టం తీశాడు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ బండి ముందు గార్డులు కూడదని రాష్ట్రాలకు రాసింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అది నేరం. గొట్టం తగిలితే నడిచిపోయే మనిషికి ప్రమాదం, ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోతే లోపలివాళ్లకు ప్రమాదం.

"తలుపులే లేని బండికి ఇంక తెరుచుకునేదేముంది సార్?" అన్నాడు అన్న. కాసేపు ఆలోచించి, నడిచేవాళ్ల మాట మాత్రం న్యాయమేనని, గార్డు పీకేస్తానని ఒప్పుకున్నాడు. ఒకటే షరతు. ఆ ఉత్తరం నకలు రోడ్డు మధ్యలో పడుకునే ఆవులకు కూడా అందజేసి, ముట్టినట్టు మా బావమరిదే రసీదు తేవాలట.